గడప బయట కుర్చీ

కరిముంజావా
14 మార్చి 1999

తమ్ముడు కస్మాదీకి, అక్క ముర్సినా సలాములు.

పడమటి గాలులు తగ్గాక జెపరా నుంచి మొదటి పడవ ఇవాళే వచ్చింది. రేవులో ఉల్లిపాయల కోసం ఆడవాళ్ళం జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేశాం. నాకు చిన్న బుట్టెడు దక్కాయి, ఒక గాజు పోయింది. పడవ తిరిగి పోయేలోపు ఈ నాలుగు ముక్కలూ రాసి సరంగు చేతికివ్వాలి. అందుకే డొంకతిరుగుడు లేకుండా అడుగుతున్నాను.

మా వెనింగ్‌కి ఒక కుర్చీ చేసిపెట్టు. రాసుకోవడానికి ముందు పలక బిగించిన కుర్చీ.

పోయినేడు రేవు చెక్కల మీద నుంచి పడ్డాక దాని కుడి తుంటి పట్టేసిన సంగతి నీకు తెలుసు. నిలబడుతుంది, కుంటుతూ నడుస్తుంది. కూర్చోవడమే చేతకాదు. చాప మీద కాలు మడవలేదు. బడి బెంచీ మీద కూర్చోబెడితే జారిపోతుంది. అలా జారినప్పుడు క్లాసంతా నవ్వారు. అంతే, మర్నాటి నుంచి బడికి పోలేదు. అప్పటి నుంచి ఎవరి ముందూ నోరు విప్పి చదవదు కూడా. ఇంట్లో బోర్లా పడుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, తనలో తనే రాసుకుంటుంది.

జూలైలో బడి తెరుస్తారు. "కూర్చోవడానికి ఏదైనా తెచ్చుకుంటే చేర్చుకుంటానమ్మా, లేకపోతే ఇంకో ఏడాది ఆగండి" అన్నారు హెడ్మాస్టరు. ఇంకో ఏడాది ఆగితే అది ఒకటో తరగతికి మరీ పెద్దదైపోతుంది. నా కూతుర్ని నాకంటే ఎరిగినవాళ్ళు లేరు. ఈ జూలై దాటితే ఇక పోదు. జీవితమంతా ఎండుచేపల మంచె దగ్గర నిలబడే ఉంటుంది.

మీ బావ ఖోలిక్ చేపల పెట్టె విరగ్గొట్టి ఒకటి చేశాడు. ఆయనకు పడవ తెలుసు, కుర్చీ తెలీదు. పిల్ల, కుర్చీ కలిసి పడ్డాయి.

మా అత్తగారికి ఇంకా చెప్పలేదు. సాయంత్రం ఊళ్ళో పిల్లలందరూ ఆవిడ దగ్గరే ఖురాను చదవడం నేర్చుకుంటారు కదా, ఇల్లు కిక్కిరిసిపోతుంది. కుర్చీ వచ్చాక చెబుదాంలే అని ఊరుకున్నాను.

కాఫీ కొట్లో ఎవరితోనూ గొడవ పెట్టుకోకు.
నీ అక్క,
ముర్సినా


తహునాన్, జెపరా
29 మార్చి 1999

అక్కా,

నీ ఉత్తరం నిలబడే చదివాను. చదివాక కూర్చోబుద్ధి కాలేదు.

ఇక్కడి సంగతి నీకు తెలీదు. ముప్పై ఏళ్ళు దేశాన్నేలిన పెద్దాయన పోయినేడు గద్దె దిగి, మన రూపాయి విలువ పడిపోయాక, దేశదేశాల బేరగాళ్ళు జెపరా మీద వాలారు. మా షెడ్డు నుంచి రోజూ లారీ నిండా కుర్చీలు పోతున్నాయి. మడిచేవి, ఊగేవి, తోటలో పడుకుని బీరు తాగడానికి వీలుగా కాళ్ళు చాపుకునేవి. వేల వేల కుర్చీలు చేసే ఊరు అక్కా ఇది! ఈ ఊరు కన్న ఆడపిల్ల కడుపున పుట్టిన బిడ్డ బోర్లా పడుకుని రాసుకోవాలా? ఈ మాటే షెడ్డులో గట్టిగా అన్నాను. సెమరాంగ్ విద్యార్థులు పంచిన కరపత్రం ఒకటి నా జేబులో ఉంది, "శ్రమించిన చేతికే మొదటి ఫలం" అని. అది కూడా చదివి వినిపించాను. చిత్రికలు ఆగిపోయాయి. మేమంతా గౌరవంగా 'పాక్' అని పిలిచే మా మేస్త్రి, పాక్ సులేఖాన్, తలెత్తకుండానే, "అయిందా నమాజు? ఇక ఉలి పట్టు" అన్నాడు.

ఆ మనిషికి వెన్నెముక లేదు. పనితనం మాత్రం ఉంది.

కుర్చీ నేను చేస్తాను. నా చేత్తో, మొదటి రంపపు కోత నుంచి చివరి మెరుగు దాకా. వెంటనే కొలతలు పంపు. అంగుళాలు వద్దు, మీ దీవిలో టేపు ఒకో దుకాణంలో ఒకోలా ఉంటుంది. పిల్లను గోడకు ఆనించి నిలబెట్టి తాడుతో కొలిచి ముడులు వేసి పంపు. ఏ ముడి ఏమిటో రాయి. ఆ కాలు ఎంత వంగుతుందో, ఏ పక్కకు వంగుతుందో వివరంగా రాయి. సిగ్గుపడి ఏదీ దాచకు.

ఎన్నికలొస్తున్నాయి. జెండాలు ఎన్ని రంగులున్నాయో లెక్క తెలీడం లేదు. ప్రతి చెట్టూ ఏదో ఒక పార్టీలో చేరింది.

పోరాటంలో ఉన్న నీ తమ్ముడు,
కస్మాదీ


కరిముంజావా
18 ఏప్రిల్ 1999

తమ్ముడూ,

పోరాటంలో ఉన్నా సరే, వేళకు తింటున్నావా?

వల తాడు ముక్క పంపుతున్నాను. మొదటి ముడి మడమ నుంచి మోకాలి వెనక వరకు. రెండోది మోకాలి నుంచి పిరుదు వరకు. మూడోది అక్కడి నుంచి మోచేతి వరకు. కొలుస్తుంటే చక్కిలిగిలి అని నవ్వింది. అది నవ్వి చాలా రోజులైంది. అందుకే రెండుసార్లు కొలిచాను.

ఇప్పుడు అసలు సంగతి విను. దాని ఎడమ తొడ అందరిలాగే వంగుతుంది. కుడి తొడ సగమే. అంటే అది కూర్చోవాలంటే సగం నిలబడ్డట్టు కూర్చోవాలి. మామూలు కుర్చీ పనికిరాదు. ఎత్తుగా ఉండాలి, కుడి పక్క పీట ముందుకు వాలి ఉండాలి. నువ్వు కుర్చీ అనుకోకు, గుర్రం జీను అనుకో.

తేలిగ్గా కూడా ఉండాలి. పొద్దున బడికి, సాయంత్రం ఇంటికి మోసుకురావాలి. మేకులు కొట్టకు. ఇక్కడి ఉప్పుగాలికి ఏడాదిలో తుప్పు పడతాయి.

చెక్క గురించి భయంగా ఉంది. మీ వైపు టేకు అడవులన్నీ జనం కొట్టుకుపోతున్నారని సరంగు చెప్పాడు. నువ్వు ఆవేశంలో అందులో దూరకు. నాకు కుర్చీ కావాలి, జైల్లో తమ్ముడు కాదు.

వెనింగ్ అడుగుతోంది, "మామయ్య కుర్చీకి రంగు వేస్తాడా?" అని.

ముర్సినా


తహునాన్
9 మే 1999

అక్కా,

ఎంత మాటన్నావు! నేనా, దొంగ టేకులోనా?

నిజం చెప్పనా, ఇక్కడ దొంగ టేకు కట్టెల కంటే చవక. పగటిపూటే లారీలు వస్తున్నాయి. పాక్ సులేఖాన్ ఒక దుంగను కాలితో దొర్లించి నా ముందు పెట్టాడు. "తీసుకో. పిల్ల కుర్చీకి సరిపోతుంది."

"ఇది దొంగ సొమ్ము" అన్నాను.

"మొన్న నువ్వే చదివావుగా, అడవి ఎవరిదని ఉంది నీ కాగితంలో?"

"జనానిది."

"మరి జనమే కొట్టుకొచ్చారు. ఇంకేంట్రా నీ బాధ?"

షెడ్డంతా నవ్వింది. జవాబు కోసం మూడు కరపత్రాలు వెతికినా దొరకలేదు. అడవి జనానిదే. కానీ ఆ లారీ జనానిది కాదు. ఆ లారీ ఎవరిదో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అందుకే టేకు ముట్టుకోలేదు. మన పెరట్లో తుపానుకు కూలిన పనసచెట్టు గుర్తుందా? దాని మాను పెద్దనాన్న పాకలో ఆరుతోంది. రెండేళ్ళుగా కోళ్ళు దాని మీదే పడుకుంటున్నాయి. కోళ్ళను తోలి, రెట్టలు గీకి, కోశాను. లోపల పసుపు! రంగు వేస్తానా అని అడిగింది కదా, వెయ్యను. అక్కర్లేదని చెప్పు.

ఆ కాలు ఎలా వంగుతుందో నువ్వు ఎంత రాసినా నా చేతికి అర్థం కాలేదు. అందుకని నా నడుముకూ కుడి తొడకూ కలిపి చెక్క కట్టుకున్నాను. ఒక రోజంతా అలాగే తిరిగాను. కాఫీ కొట్టు బెంచీ మీద నుంచి జారి పడ్డాను. "ఏరా, ఏ పార్టీ తరఫున నిలబడ్డావు, కూర్చోవడం మానేశావు?" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల ఏడాదిగా ఇలా ఉందా అని తలుచుకుని ఇంకా మండింది. ఆ కట్టుతోనే పీట చెక్కాను. చెక్కడం, ఎక్కి కూర్చోవడం, ఎక్కడ నొక్కుతుందో చూసి మళ్ళీ దిగి చెక్కడం. కుడి తొడకు వాలు, ఎడమ తొడకు గుంట. జారకుండా ముందు చిన్న గట్టు. పాదాలు ఆనడానికి అడ్డకర్ర, కుడి కాలికి కిందగా, ఎడమ కాలికి పైగా. ఒక్క మేకు లేదు. చెక్కలో చెక్క దూర్చి వెదురు చీలలు కొట్టాను.

పాక్ సులేఖాన్ చుట్టూ తిరిగి చూశాడు. కుర్చీని ఎత్తి నేలకేసి కొట్టాడు! నేను కలబడబోయాను. "ఏదైనా విడిపోయిందా?" అన్నాడు. లేదు. "సరే" అని పోయాడు. ఇన్నేళ్ళలో ఆ మనిషి నా పనిని "సరే" అనడం అదే మొదలు. నాకేం సంతోషం లేదు. రాస్తున్నానంతే.

వీపు చెక్క మీద అక్షరాలు చెక్కాను: "తల వంచకు". పిల్ల రోజూ ఆ మాటకు ఆనుకుని చదువుకుంటుంది.

కుర్చీ తర్వాతి పడవకు వస్తుంది. దించేటప్పుడు పలక పట్టుకుని లాగొద్దని బావకు చెప్పు.

కస్మాదీ


కరిముంజావా
2 జూన్ 1999

తమ్ముడూ,

పడవ ఇంజను ఆపలేదు, వెంటనే పోతుందట. రేవులో చేపల బుట్ట మీద కాగితం పెట్టి రాస్తున్నాను.

కుర్చీ పోయిన పడవకే క్షేమంగా వచ్చింది. వెనింగ్ ఎక్కి కూర్చుంది. తమ్ముడూ, అది కూర్చుంది! రెండు చేతులూ పలక మీద పెట్టుకుని చుట్టూ చూసింది. ఇంకేం రాయను, కాగితం తడుస్తుంది.

కానీ మా అత్తగారు కుర్చీని గడప లోపలికి రానివ్వలేదు. అందరూ కింద కూర్చున్నచోట పిల్ల అంత ఎత్తున కూర్చోకూడదు అంది. వసారాలో పెట్టాం. వెనింగ్ బయట, మిగతా పిల్లలు లోపల. నిన్న సాయంత్రం దిగి వెళ్ళిపోయి చాప పక్కన మళ్ళీ బోర్లా పడుకుంది. కుర్చీ వద్దంటోంది. బడికి కూడా దాన్ని తీసుకెళ్ళనంటోంది.

సరంగు అరుస్తున్నాడు. ఉంటాను.

ము.


తహునాన్
9 జూన్ 1999

అక్కా,

మొన్న దేశమంతా ఓటు వేసింది. నేనూ వేశాను. వేలికి సిరా ఇంకా ఆరలేదు, నీ ఉత్తరం వచ్చింది. ఆ సిరా వేలితోనే రాస్తున్నాను.

అంత ఎత్తున కూర్చోకూడదా? ఎవరి కంటే? ఇదే అక్కా మన రోగం! దొర ముందు మోకాళ్ళ మీద పాకమన్నారు, పాకాం. పెద్దవాళ్ళ తల కంటే తల ఎత్తొద్దన్నారు, నడుము వంచి నడిచాం. ఇప్పుడు నడుమే వంగని బిడ్డను కూడా వంచాలా? నీకు నోరు లేదా? బావకు లేదా? ఎందుకులే, మీరిద్దరూ అడగరు. ఆవిడ పేర వేరే కాగితం రాసి ఇందులోనే పెడుతున్నాను. చదివి వినిపించు. ఒక్క ముక్క మింగినా నువ్వు నా అక్కవు కావు.

కస్మాదీ

(లోపల మడిచిన కాగితం)

పెద్దావిడ మార్ఫువాగారికి,

మీ తల కంటే మా వెనింగ్ తల ఎత్తులో ఉంటే మీ కిరీటం ఏమైనా జారిపడుతుందా? రాజుల కాలం పోయింది. పాకే కాలం పోయింది. కూర్చోలేని బిడ్డకు కూర్చునే చోటు దొరికితే, దాన్ని గడప బయటికి నెట్టారు. ఊళ్ళో పిల్లలందరికీ చదువు చెబుతారట మీరు! సొంత మనవరాలిని నేలకేసి నొక్కే మూఢురాలికి ఎవరికీ చదువు చెప్పే అర్హత లేదు.

కస్మాదీ, వడ్రంగి


కరిముంజావా
13 జూన్ 1999

తమ్ముడూ,

నీ నుంచి జవాబు ఇంకా రాలేదు. మొన్న రేవులో హడావుడిగా రాశాను. ఏం రాశానో గుర్తుచేసుకుంటే నిద్ర పట్టలేదు. నువ్వు అపార్థం చేసుకునే మనిషివి. అందుకే జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను.

మా అత్తగారు తన తల గురించి అనలేదు. తన తల కంటే ఎత్తున కాకులు కూర్చున్నా ఆవిడ పట్టించుకోదు. సాయంత్రం పిల్లలందరూ చాప మీద కూర్చుంటారు, ఒక్కొక్కరి ముందు జానెడు ఎత్తు మడతపీట మీద ఖురాను తెరిచి ఉంటుంది. వెనింగ్‌ని అదే చాప పక్కన కుర్చీ ఎక్కించామనుకో. ఆవిడ నా చెవిలో అంది: "గ్రంథం కింద, పిల్ల పిర్రలు పైన. నేను ఒప్పుకున్నా నా నోరు పలకదే. ఏం చెయ్యను?" ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు చేపల పెట్టెల మీద గ్రంథాలు పెట్టి చూసింది. ఒక పెట్టె ఊగింది, పిల్లలు నవ్వారు, ఆవిడ ఏడ్చింది. నా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఏడవడం చూడలేదు.

వసారాలో కుర్చీ పెట్టించింది ఆవిడే, తను కూర్చున్న చోటికి వెనింగ్ మొహం కనబడేలా. పిల్లకు అది అర్థం కాలేదు. బయటికి గెంటారనే అనుకుంది. రోజూ గడప దగ్గర నిలబడి కుర్చీకేసి, చాపకేసి, మళ్ళీ కుర్చీకేసి చూస్తుంది అత్తగారు. ఏమిటత్తయ్యా అంటే, "తొందరపెట్టకు, ఆలోచిస్తున్నా" అంటుంది.

ఇంకొకటి. వీపు చెక్క మీద ఏముందని అడిగింది. మీ బావ చదివి వినిపించాడు. "తల వంచకపోతే నమాజు ఎట్లా చేస్తుందిరా?" అంది. మీ బావ నవ్వాపుకోలేక బయటికొచ్చేశాడు. ఆ మాట మీద ఇప్పుడు తువ్వాలు ఆరేస్తున్నాం. కోపం తెచ్చుకోకు.

బడి తెరిచే రోజు దగ్గరికొస్తోంది. పిల్ల ఇంకా కుర్చీ ఎక్కడం లేదు. నాకు అదొక్కటే బెంగ.

ముర్సినా


తహునాన్
20 జూన్ 1999

అక్కా,

కొంప మునిగింది. ఆవిడ పేర రాసిన కాగితం చింపెయ్యి. చింపాక సముద్రంలో వెయ్యి. వేసింది బావ వలలో పడకుండా చూడు.

నీ ఉత్తరం చదివాక రేవుకు పరిగెత్తాను. సరంగు తాపీగా సిగరెట్టు కాలుస్తున్నాడు. "ఆ ఉత్తరమా? ఎప్పుడో దింపేశాను" అన్నాడు. ఎవరి చేతికిచ్చావంటే, "మావాడు ఎవరో ఆడమనిషికి ఇచ్చాడు" అన్నాడు. ఎవరు? చిన్నదా, పెద్దదా? "నా పడవలో మూడు వందల కోళ్ళున్నాయి, ఆడవాళ్ళ వయసులు కూడా చూడనా?" అన్నాడు.

రాత్రింబవళ్ళు కుదురు లేదు. నిన్న ఒక కుర్చీకి ముందు రెండు కాళ్ళూ కుడివే బిగించాను. పాక్ సులేఖాన్ చూసి ఏమైందన్నాడు. చెప్పాను. తిడతాడనుకున్నాను. చాలాసేపు ఉలి నూరుకుని, "పోయి ఆవిడ కాళ్ళ మీద పడు. ఎలా పడాలో నీ కాగితాల్లో లేకపోతే నేను చూపిస్తా" అన్నాడు. వద్దామంటే తూర్పుగాలికి పడవలు కట్టేశారు.

నేను అన్నది తప్పు కాదు అక్కా. ఎవరినీ నేలకేసి నొక్కకూడదన్నది ఇప్పటికీ నిజం. ఆవిడ నొక్కడం లేదన్నదే నాకు తెలీలేదు. వెనింగ్ కుర్చీ ఎక్కిందా? ఆ ఒక్కటీ రాయి. మిగతా తిట్లు తర్వాత.

కస్మాదీ


కరిముంజావా
21 జూలై 1999

తమ్ముడూ,

కూర్చుని చదువు.

నీ రెండు ఉత్తరాల్లో మొదటిది నా చేతికి రాలేదు, చింపెయ్యమన్న రెండోది పడవలు మళ్ళీ కదిలాక ఇప్పుడే చేరింది. మొదటిది వచ్చిన రోజు నేను సముద్రం ఒడ్డున చేపలు కడుగుతున్నాను. సరంగు కొడుకు తెచ్చి మా అత్తగారి చేతికిచ్చాడట. కవరు విప్పితే లోపల ఇంకో కాగితం, కానీ ఖురాను అరబ్బీ అక్షరాలు తప్ప ఆవిడకేమీ తెలీదు. బడి అక్షరాలు ఆవిడకు రావు. "మీ పేరే ఉంది మామ్మా" అన్నాడట ఆ కుర్రాడు. ఆవిడ పేర ఉత్తరం రావడం పుట్టాక అదే మొదటిసారి. ఆ కాగితాన్ని తలముసుగు కొంగులో పెట్టుకుని ఇరుగుపొరుగుకు చూపించుకొచ్చింది. తర్వాత వసారాలోకి వచ్చి, గోడ వారన నిలబడ్డ వెనింగ్‌ని చూసి, "నీకు బడి గీతలొచ్చుగా, ఇది చదువు" అంది.

నేను బుట్టతో వచ్చేసరికి వెనింగ్ కుర్చీలో ఉంది. కాగితం పలక మీద పరుచుకోవడానికి తనే ఎక్కిందట. మెట్టు మీద అత్తగారు. నేను వల ఆరేసిన గుంజ వెనకే ఆగిపోయాను. నీ తిట్లు చెవిన పడ్డాయి. ముందుకు పోయి లాక్కోవాలి, తెలుసు. ఏడాది తర్వాత నా కూతురు గొంతు విప్పి చదువుతుంటే విన్నాను తమ్ముడూ. ఎలా లాక్కుంటాను?

"అవ్వా, ఇక్కడ మంచి మాట కాదు."

"రాసింది రాసినట్టు చదువు. మింగకు."

"మూ... ఢు... రాలు. అంటే ఎవరవ్వా?"

"నేనేలే. తర్వాత?"

"మూఢురాలికి ఎవరికీ చదువు చెప్పే అర్హత లేదు."

"అంత గబగబా కాదు. 'రాలికి' దగ్గర ఆగాలి. అక్కడ ఊపిరి తీసుకో, లేకపోతే చివరికి గొంతు ఎండుతుంది. మళ్ళీ మొదటి నుంచి."

మొదటి నుంచి చదివింది. కిరీటం నుంచి. ఖురాను చెప్పేటప్పుడు లాగే అత్తగారు వేలితో మోకాలి మీద తాళం వేస్తూ, ఆపుతూ, సరిదిద్దుతూ. మూడోసారికి ఎక్కడా తడబడలేదు. నీ తిట్లు అంత శ్రావ్యంగా ఉంటాయని నేను ఎప్పుడూ అనుకోలేదు.

అయ్యాక ఆవిడ కాగితం తీసుకుని మడిచి నడుముకు దోపుకుంది. నన్ను ఎప్పుడు చూసిందో గానీ ఇటు తిరక్కుండానే, "ఏమే, ఈ పిల్లకు ఇంత చదువొచ్చని నాకెందుకు చెప్పలేదు?" అంది.

"నాకే తెలీదత్తయ్యా."

"నీ తమ్ముడు నా మీద ఉమ్మేశాడు" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోపమే, దాచను. ఆ సాయంత్రం పాఠం కూడా చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే లేచి ఎండుచేపల మంచె మీద చేపలన్నీ దించేయమంది. బూడిదేసి తోమించింది. ఏమిటో ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం పిల్లలొచ్చాక అందరినీ మంచె ఎక్కమంది. తను కూడా ఎక్కింది, మీ బావ పట్టుకుంటే. మంచె పక్కనే వెనింగ్ కుర్చీ వేయించింది. అప్పుడు చూశాను. మంచె మీద బాసింపట్టు వేసుకున్న పిల్లల తొడలూ, కుర్చీలో వెనింగ్ తొడలూ ఒకే ఎత్తు.

మంచె మీద సగం మందే పట్టారు. మిగతావాళ్ళు నిలబడ్డారు. చేపల వాసనకు ఒకడు ముక్కు మూసుకుంటే మొట్టింది. ఇలాంటి చోట గ్రంథం తెరవనని, వచ్చినంతవరకు నోటితోనే చెబుతానని అంది. వెనింగ్ అందరితో కలిసి గొంతెత్తింది. దాని గొంతు అందరి కంటే గట్టిది. ఆ సంగతి కూడా నాకు తెలీదు.

బడి తెరిచిన రోజు అత్తగారే కుర్చీ నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. నేను తీసుకుంటానంటే ఇవ్వలేదు. దారిలో ఎవరో పిలిచి, "ఏం మామ్మా, సింహాసనం ఎవరికి?" అంటే, "చదివేదానికి" అంది. వెనింగ్ కాసేపు వెనకబడింది. వెనక్కి తిరుగుతుందనే అనుకున్నాను. చెప్పు తెగిందట, అంతే.

హెడ్మాస్టరు కుర్చీని చూసి, "ఇది పడుతుందామ్మా లోపల?" అన్నారు. అత్తగారు "ముందు పిల్లను చదవమనండి" అంది. పుస్తకాలింకా రాలేదట. అప్పుడావిడ నడుము నుంచి నీ ఉత్తరం తీసి పలక మీద పెట్టింది.

తమ్ముడూ, బడంతా విన్నది. హెడ్మాస్టరు మధ్యలో దగ్గారు, కిటికీ బయటికి చూశారు, చివర్లో ఆయన అడిగింది ఒక్కటే: "ఈ కస్మాదీ అనే ఆయన ఎవరు?" పిల్లలు ఎవరూ నవ్వలేదు. మొదటి వరసలో కుర్చీ వేయించారు. మూడు రోజులుగా పోతోంది.

వెనింగ్ రాసిన కాగితం ఇందులో పెడుతున్నాను. నేను చదవలేదు, చూడొద్దంది.

నీ అక్క,
ముర్సినా

(లోపల మడిచిన కాగితం, పెద్ద పెద్ద అక్షరాలు)

కస్మాదీ మామయ్యా,

అవ్వ చెబుతోంది. నేను రాస్తున్నాను. కుర్చీలో కూర్చుని రాస్తున్నాను.

వడ్రంగి కస్మాదీకి మార్ఫువా చెప్పేది. నాకు కిరీటం లేదు. మోకాళ్ళ నొప్పులున్నాయి. నువ్వు అన్న మాట బాగా లేదు. నువ్వు చేసిన కుర్చీ బాగుంది. రెండూ నీవే కాబట్టి రెండూ ఉంచుకున్నాను.

ఆ పిల్ల కిందికి దిగలేదు. అందుకని మేమే పైకి వస్తాం. మా ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చెక్క అరుగు కావాలి. కుర్చీ పీట ఎంత ఎత్తో అంతే ఎత్తు, వేలెడు ఎక్కువ కాదు, తక్కువ కాదు. పిల్లలందరూ పట్టాలి. మంచె ఊగుతోంది, చేపల కంపు. అరుగు అయ్యేదాకా గ్రంథం తెరవను, అల్లా దగ్గర ఆ లెక్క నీది.

కుర్చీ పీట ఎంత ఎత్తని ఉత్తరంలో అడక్కు. వచ్చి నువ్వే కొలుచుకో. మేకులు తేకు. ముసలిదాన్ని పైకి ఎక్కించడానికి మెట్టు కూడా చెయ్యి.

అవ్వ చెప్పింది అయిపోయింది. ఇది నేనే రాస్తున్నాను. పలక ఎడమ అంచు చేతికి గుచ్చుకుంటోంది, గరుకు కాగితం తీసుకురా. అవ్వకు నీ మీద ఇంకా కోపం ఉంది. మిగతాది నువ్వొచ్చాక తిడుతుందట. నాకు బడికి వేళయింది.

వెనింగ్